మందు ఆపితే మావయ్య చచ్చిపోతారని భయంగా ఉంది

ప్రశ్న: మాది సోంపేట దగ్గర ఊరు. మా మావయ్యకి 68 ఏళ్ళు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పండక్కో పబ్బానికో తప్ప ముట్టేవారు కాదట. తిత్లీ తుఫానుకి కొబ్బరి తోట పోయింది. మూడేళ్ళ కిందట అత్తయ్య పోయారు, అప్పట్నుంచి రోజూ తాగుడే. ఇప్పుడు పొద్దున ఒక క్వార్టరు, సాయంత్రం ఒకటి. చుట్ట ఎలాగూ ఉంది. బీపీ, షుగరు మాత్రలు వేసుకుంటారు. హైవే దాటి షాపుకి వెళ్తే ఏ లారీ కింద పడతారోనని మా ఆయనే తెచ్చి ఇస్తున్నారు. పోయిన కార్తీకంలో మాన్పిద్దామని తేవడం ఆపేశాం. రెండోనాటికి చేతులు వణికాయి. మూడో రాత్రి మంచం మీద కూర్చుని గాల్లో స్టీరింగు తిప్పుతూ, "గేదెలు అడ్డొస్తన్నాయి, తోలండ్రా" అని కేకలు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. తెల్లారాక ఎవరో చెబితే కొంచెం మందు పట్టించాం, నిద్రపోయి లేచాక కుదుటపడ్డారు. అప్పట్నుంచి మానమని అనడానికి ఎవరికీ ధైర్యం లేదు. మా ఆడపడుచు "ఈ వయసులో నాన్న ఏటి మానతాడు, ఇంకెన్నాళ్ళుంటాడు, తాగనీండి" అంటుంది. ఆసుపత్రి అంటే "పిచ్చాసుపత్రిలో పడేస్తావా" అని ఏడుపు. పిల్లలు తాతని చూసి బెదిరిపోతున్నారు, నాకు రోజంతా టెన్షన్. ఇలా వదిలేయడమేనా?
– ఒక కోడలు

సమాధానం: అమ్మా, "మీరు" అని మొదలుపెట్టి కొట్టేశాను, నా కూతురి వయసుదానివి, నువ్వనే రాస్తాను. నేను డాక్టర్ని కాను. తాగుడు ఉన్న ఇళ్ళలో అరుగు మీద కూర్చుని మాట్లాడడమే ఇరవై ఏళ్ళుగా నా పని, డాక్టర్ల దగ్గర నేర్చుకున్నదీ ఆ ఇళ్ళలో చూసిందీ కలిపి చెబుతాను.

ముందు ఆ మూడో రాత్రి సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మీ ఇంట్లో అందరూ ఆ రాత్రి దగ్గరే ఆగిపోయారు. అది గాలీ కాదు ధూళీ కాదు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. రోజూ మోతాదుగా తాగేవాళ్ళకి ఒక్కసారిగా ఆపేస్తే వచ్చేది. మీ మావయ్యకి అర్థమయ్యే మాటలో చెప్పనా? మందు మెదడుకి బ్రేకు లాంటిది. రోజూ బ్రేకు నొక్కే ఉంటే బండి నడవాలి కాబట్టి మెదడు యాక్సిలరేటరు మరింత తొక్కడం అలవాటు చేసుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా నడిచిన బండికి ఓ పొద్దున బ్రేకు మీంచి కాలు తీసేస్తే ఏమవుతుంది? ఎగిరి పోతుంది. ఆపిన ఆరేడు గంటల్లో వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల లోపు మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకి ఈ మతిచలనం, లేని మనుషులు కనబడడం, పురుగులు పాకుతున్నట్టు ఉండడం. చాలామంది ఆ మత్తులో తమ పాత పనే చేస్తారు. నేత పని చేసినాయన గాల్లో దారం లాగడం నా కళ్ళతో చూశాను. మీ మావయ్య బండి తోలాడు. మంచం కోళ్ళ దగ్గర కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలకేసి కొట్టి ఉంటాడు కూడా, గుర్తు చేసుకో.

ఇది ప్రాణం తీయగలిగే జబ్బు. షుగరూ బీపీ ఉన్న 68 ఏళ్ళాయన దీన్ని తాయెత్తుతో దాటాడంటే మీ అదృష్టం గట్టిది, ఇంకోసారి పరీక్షించకండి. ఆసుపత్రిలో ఇదే మాన్పించే పని వారం పది రోజుల్లో చేయిస్తారు, వణుకూ మూర్ఛా రాకుండా చూసే డయాజిపామో లోరాజిపామో మొదట ఎక్కువ ఇచ్చి రోజురోజుకీ తగ్గిస్తూ, బీ1 విటమిన్ ఇంజక్షన్లు వేస్తూ, షుగరు చూసుకుంటూ. మీరు ఆ రాత్రి నుంచి నేర్చుకున్న పాఠం "మందు ఆపితే చచ్చిపోతాడు" అని. నేనైతే "ఇంట్లో, డాక్టరు లేకుండా, ఒక్కసారిగా ఆపితే చచ్చిపోవచ్చు" అని చదువుకుంటాను. రెండు మాటలకీ మధ్య ఆయన మిగిలిన జీవితం అంతా ఉంది.

కాబట్టి తాగుడు మాన్పించే మనిషి చెప్పాల్సిన మాట కాదు గానీ చెబుతున్నా: డాక్టరు చూసేదాకా ఆయన మందు హఠాత్తుగా ఆపకండి. మీ ఆయన తెచ్చేది తెమ్మను, ఒక్క చుక్క ఎక్కువ మాత్రం తేవద్దు. తాగే ముందు అన్నం పెట్టు, మజ్జిగన్నమైనా సరే. కానీ ఆ "చూసేదాకా" అనేది ఈ వారంలో తేలిపోవాలి, సంక్రాంతి వెళ్ళాక చూద్దాం అనే మాట వద్దు. ఈలోగా మూర్ఛొచ్చినా, మాట తేడాగా వచ్చినా, లేనివి కనబడినా వెంటనే 108.

ఇప్పుడు మీ ఆడపడుచు మాట. "ఇంకెన్నాళ్ళుంటాడు, తాగనీండి." ఈ మాట నేను శ్రీకాకుళంలో విన్నాను, విజయనగరంలో విన్నాను, కొడుకుల నోట, కూతుళ్ళ నోట, ఒకసారి ఒక ఆర్‌ఎంపీ నోట కూడా విన్నాను. మంచి మనసుతోనే అంటారు. కానీ అదే 68 ఏళ్ళాయనకి కంట్లో పొర వస్తే "ఇంకెన్నాళ్ళు చూస్తాడులే" అని వదిలేస్తామా? మోకాలికి ఆపరేషన్ అంటే అప్పు చేసైనా చేయిస్తాం. తాగుడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వయసు గుర్తొస్తుంది. కుర్రాడు తాగితే చెడిపోయాడంటాం, పెద్దాయన తాగితే ఆయనకి మిగిలిందదొక్కటే అంటాం, రెంటిలోనూ వైద్యం అనే మాట రాదు.

మా నాయనమ్మ సంగతి చెప్తాను, పక్కదారి పట్టాను అనుకోకు. ఆవిడకి అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చే చుట్ట, మన సిక్కోలు తీరంలో తెలియనివాళ్ళు లేరు, ఆడవాళ్ళకే ఎక్కువ. మన జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అంగుట్లో మచ్చలూ పుళ్ళూ ఎలా వస్తున్నాయో 1971లోనే డాక్టర్లు ప్రపంచానికి రాసి చూపించారు. మా ఇంట్లో అదేమీ తెలీదు. ఆవిడ మాట్లాడుతూ, చేపలు తోముతూ, మనవడికి జోల పాడుతూ ఆ నిప్పుని నాలుకతో సర్దుకునేది. ఎప్పుడైనా నోరు తెరిస్తే అంగుడు తెల్లగా, మధ్యలో ఎర్రటి చుక్కలతో ఎండిన మడిలా కనబడేది. "ముసల్దానికి అదొక్కటేగా సుఖం" అనేవాళ్ళు మా నాన్నావాళ్ళు. 72వ ఏట అంగుట్లో పుండు మానక శ్రీకాకుళం తీసుకెళ్తే, డాక్టరు బల్ల మీద చెయ్యి పెట్టి మెల్లిగా "మామ్మా, ఇది మానెయ్యాలి" అన్నాడు. మానేసింది. రెండు నెలలు ఇంట్లో అందరినీ తిట్టింది, వక్క నమిలింది, ఏడ్చింది, మానేసింది. తరవాత నేను అడిగాను, ఇన్నాళ్ళూ ఎందుకు మానలేదే అని. "నన్నెవులు మానమన్నారే?" అంది. అరవై ఏళ్ళలో ఎవరూ ఒక్క మాట అనలేదు. పెద్దవాళ్ళని అడగకపోవడాన్ని మనం గౌరవం అనుకుంటాం.

వయసైనవాళ్ళు మారరు అనేది వైద్యం దగ్గర నిలబడే మాట కాదు. చికిత్సకి వచ్చిన పెద్దవాళ్ళు కుర్రాళ్ళకి ఏమాత్రం తీసిపోరు, చాలాసార్లు వాళ్ళకంటే మెరుగ్గా నిలబడతారు. చెప్పిన రోజుకి వస్తారు, మాత్ర చెప్పిన టైముకి వేసుకుంటారు. మీ మావయ్య లాంటివాళ్ళు మరీను. ముప్పై ఏళ్ళు తెల్లవారుజామున డిపోకి వెళ్ళి, ఊపిరి పరీక్షలు వచ్చాక డ్యూటీ ఎక్కే ముందు నోట్లో మిషను పెట్టించుకుని ఊది చూపించి బస్సు తీసిన మనిషి. అరవై దాటాక మొదలైన తాగుడు ఇది, భార్య పోయాక ముదిరినది. ఇరవయ్యో ఏట మొదలైన తాగుడు కంటే దీని వేళ్ళు పైపైనే ఉంటాయని నా నమ్మకం.

అలాగని తేలిగ్గా తీసుకోమనడం లేదు. ఒక క్వార్టరు అంటే 180 మి.లీ., అందులో అసలు ఆల్కహాలు 60 గ్రాముల దాకా ఉంటుంది. రెండంటే 120. వయసు పెరిగే కొద్దీ ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది కాబట్టి అదే క్వార్టరు నలభై ఏళ్ళ వాడికంటే ఆయన రక్తంలో చిక్కగా చేరుతుంది. "అప్పట్లో పండగలకి ఇంతకంటే తాగేవోణ్ణి, ఏమయింది" అని ఆయన అనొచ్చు. ఆ ఒళ్ళు వేరు, ఈ ఒళ్ళు వేరు.

నువ్వు కళ్ళు తెరుచుకుని చూడాల్సింది రెండు విషయాలు. మొదటిది షుగరు. షుగరు మాత్ర వేసుకుని అన్నం తినకుండా తాగితే షుగరు దబ్బున పడిపోవచ్చు. చెమట, తూలడం, అర్థం లేని మాటలు, మత్తుగా ఒరిగిపోవడం, చూసేవాళ్ళకి అచ్చం తాగి పడిపోయినట్టే ఉంటుంది. "తాగి పడుకున్నాడులే" అని దుప్పటి కప్పి వదిలేస్తే పొద్దున్నకి మనిషి ఉండడు. గ్లూకోమీటరు ఇంట్లో పెట్టుకో, అనుమానం వస్తే వేలు గుచ్చి చూడు. తక్కువుంటే, మింగగలిగే స్పృహ ఉంటే పంచదార నీళ్ళు పట్టు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి చెయ్యి. రెండోది పడిపోవడం. బీపీ మాత్రలూ మందూ కలిస్తే లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. బాత్రూం గడప తగిలి తల చిన్నగా కొట్టుకున్నా సరే, తాగే ముసలాయన తలలో రక్తం మెల్లమెల్లగా ఊరి రెండు మూడు వారాల తరవాత మగతగా, మతిమరుపుగా బయటపడొచ్చు. దాన్నీ ముసలితనం ఖాతాలోనే వేసేస్తారు. పడ్డాడు అంటే డాక్టరుకి ఆ మాట చెప్పి తీరాలి. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో అల్ప్రాజోలం ఏమైనా కొంటున్నారేమో కూడా చూడు, మందు మీద అది వేసుకుంటే ఊపిరే మందగిస్తుంది.

ఇంకొకటి. బస్టాండు గోడల మీద "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పబడును, సాంబారులో కలిపి ఇవ్వండి" అని రాతలు చూసే ఉంటావు. ఎవరైనా ఆ పొడి తెచ్చిస్తే తీసుకోకు. అందులో ఏముందో ఇచ్చేవాడికే తెలియదు. డైసల్ఫిరామ్ లాంటిది ఏదైనా ఉండి దాని మీద ఆయన మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. డైసల్ఫిరామ్ ఒక వైద్యమే, కానీ రోగికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు గుండె చూసి ఇచ్చేది. ఆయన వయసుకి చాలామంది డాక్టర్లు దాని జోలికే పోరు. పైగా సొంత కోడలు సాంబారులో ఏదో కలుపుతోందని ఒకసారి అనుమానం పడితే, ఇక నువ్వు పెట్టిన అన్నం ముట్టడు.

ఎక్కడికి తీసుకెళ్ళాలి? శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో (అందరూ రిమ్స్ అనేదే) సైకియాట్రీ విభాగం ఉంది, మీకు వంద కిలోమీటర్లకి అటూ ఇటూ. ఆయన తోలిన రూటే కాబట్టి దారి ఆయన్నే చెప్పమను, సరదాగా ఉంటుంది. పెద్ద కేసైతే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల. బయల్దేరే ముందు 14446కి ఫోన్ చెయ్యి, అది మత్తు మానేవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన టోల్ ఫ్రీ నంబరు, దగ్గర్లో ఏముందో చెబుతారు. ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ల విషయంలో జాగ్రత్త. మంచివీ ఉన్నాయి. కానీ నాకు తెలిసిన ఒక ఇంట్లో పెద్దాయన్ని రాత్రిపూట జీపులో కట్టి తీసుకెళ్ళి మూడు నెలలు గదిలో పెట్టారు, చూడ్డానికి కూడా ఒప్పుకోలేదు. డబ్బు కట్టే ముందు వెళ్ళి లోపల చూడు, సైకియాట్రిస్టు రోజూ వస్తాడా, షుగరూ బీపీ చూసే డాక్టరు ఉన్నాడా అడుగు. చూడనివ్వకపోతే వెనక్కి వచ్చెయ్.

మీది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం కాబట్టి ఇంకో ముక్క. మన దగ్గర కిడ్నీ జబ్బు ఎలా ఉందో నేను నీకు చెప్పక్కర్లేదు. తాగుడు కోరిక తగ్గించడానికి ఇచ్చే అకాంప్రోసేట్ అనే మాత్ర కిడ్నీల మీదుగా బయటికి పోతుంది, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఇవ్వకూడదు. అదే పనికి వాడే నాల్ట్రెక్సోన్ ఇవ్వాలంటే లివరు చూడాలి. అందుకని ఆసుపత్రికి వెళ్ళే ముందే క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్షా, లివరు పరీక్షలూ చేయించి పట్టుకెళ్తే ఒక తిరుగుడు తప్పుతుంది. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ పరిశోధనా కేంద్రం మీకు దగ్గరే. ఒళ్ళు నొప్పులంటే నొప్పుల బిళ్ళలు కొనివ్వకు, కిడ్నీలకి అవి మంచివి కావు.

"పిచ్చాసుపత్రి" అనే మాటకి మీ ఆడపడుచుతో వాదించకు, గెలవలేవు. ఆవిణ్ణే తీసుకెళ్ళు. "వదినా, నువ్వు కూడా రా, నాన్నని ఏం చేస్తారో నీ కళ్ళతో చూడు" అను. ఓపీలో కూర్చున్న వందమందిలో టీచర్లూ, రైతులూ, చంటిపిల్లల తల్లులూ కనబడ్డాక ఆ మాట దానంతటదే పోతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం తాగుడు వల్ల వచ్చే మానసిక స్థితి కూడా జబ్బే, రోగి వివరాలు బయటపెట్టకూడదు. ఊళ్ళో తెలిసిపోతుందేమో అంటే, కార్తీకంలో రాత్రంతా బస్సు తోలినప్పుడే ఊరికి తెలిసిపోయింది కదమ్మా.

ఇక ఆయనకి ఎవరు చెప్పాలి? నువ్వు చెప్పకు. కోడలి నోట ఆ మాట వస్తే మావగారికి తలకొట్టేసినట్టుంటుంది, ఆ పరువు కోసమే కాదంటాడు. మీ ఆయనా ఒక్కడే వద్దు, రోజూ సీసా తెచ్చేవాడే మానమంటే ఎలా ఉంటుందో ఆలోచించు. (మీ ఆయన్ని తప్పుపట్టడం లేదు. తండ్రి లారీ కింద పడకూడదని సీసా మోస్తున్నాడు, ఆ బరువు తక్కువది కాదు.) ఆయనతో డ్యూటీ చేసిన కండక్టరు ఎవరైనా ఉన్నాడా? "ఒరే" అని పిలవగలిగే నేస్తం. అతన్ని పిలిపించండి. పొద్దున్నే వద్దు, అప్పటికి వణుకుతో ఉంటాడు, ఏ మాటా చెవికెక్కదు. సాయంత్రం అసలే వద్దు. పదీ పదకొండు మధ్య, టిఫిను తిని స్థిమితంగా ఉన్నప్పుడు. తాగుబోతు అనే మాట రాకూడదు. ఆ రాత్రి ఏం జరిగిందో ఆయనకి గుర్తుండకపోవచ్చు, అదే చెప్పమను. గేదెల సంగతి చెప్పమను. "మనవలు భయపడ్డారురా" అని చెప్పమను. "తోలినన్నాళ్ళూ ఒక్క ప్రయాణికుణ్ణీ పడెయ్యలేదు నువ్వు, ఇప్పుడెందుకురా ఇలా" అంటే ఆయన ఏడవొచ్చు. ఏడవనివ్వండి. మూడేళ్ళయింది కదా మీ అత్తయ్య పోయి, ఆయన ఎవరి ముందైనా ఏడ్చాడా?

ఒక మాట అడగాలని చేయి ఆగింది, అయినా అడుగుతున్నా. "నేనెందుకు బతకాలి" లాంటి మాటలు ఎప్పుడైనా అన్నాడా? ఇంట్లో తోటకి కొట్టే పురుగుమందు డబ్బాలుంటే ఇవాళే తీసి వేరే ఇంట్లో పెట్టించు. మనసు గురించి మాట్లాడడానికి 14416, పెద్దవాళ్ళ కోసం 14567, రెండూ డబ్బులు పడని నంబర్లే.

ఆసుపత్రి నుంచి వచ్చాక సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఆయన చేతులకి పని ఉండాలి. రెండు కొబ్బరి మొక్కలు తెచ్చి పాతమను, కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది, పడనీ. తాగుడు మానినవాళ్ళంతా కలిసి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు తెలుగులో కూడా నడుస్తాయి, ఫీజు ఉండదు, పేరు చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్ళకి అల్-అనాన్ అని వేరే ఉంది, దానికి నువ్వు వెళ్ళు. మళ్ళీ ఒకరోజు తాగితే గొడవ చేయకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యండి, అంతే.

పిల్లలకి అబద్ధం చెప్పకు. "తాతకి జబ్బు చేసింది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం" అంటే సరిపోతుంది, అది నిజమే కూడా.

వెళ్ళే రోజు ఒక గుడ్డ సంచిలో ఆయన వాడే మాత్రల అట్టలన్నీ వేసుకో, పాత రిపోర్టులు పెట్టుకో, ఆ మూడు రోజులు గంటల వారీగా ఏం జరిగిందో కాగితం మీద రాసుకో. డాక్టరు "రోజుకి ఎంత తాగుతారు" అని అడిగితే ఆయన సిగ్గుపడి ఒక క్వార్టరు అంటాడు, మీ ఆడపడుచు తల ఊపుతుంది. ఆయన్ని అక్కడ చిన్నబుచ్చకుండా ఆ కాగితం డాక్టరు చేతికివ్వు, అందులో రెండు అని రాసి ఉండాలి. వణుకు తగ్గించే మాత్రల మోతాదు ఆ లెక్క మీదే ఉంటుంది. చుట్ట సంగతి ఇప్పుడే ఎత్తకు, అది డాక్టరు చూసి చెబుతాడు, ఒకసారి అంగుడు కూడా చూడమని మాత్రం అడుగు.